పెద్దకర్మకు పదిహేను రకాలు వద్దు, పోయిన రోజు వచ్చినవాళ్ల ఆకలి చూడండి

నానమ్మ పెద్దకర్మ భోజనాలు బెంగళూరులో అద్దె ఇంట్లోనే పెట్టుకోవాలి, 60 మంది దాకా వస్తారు, చేతిలో డబ్బు తక్కువ, ఎలా అని అడిగారు. చెబుతాను. మా మామగారు పోయినప్పుడు రామమూర్తినగర్‌లో మా మేడ మీద ఈ పనంతా నా చేతుల మీదుగానే జరిగింది. కానీ అంతకంటే ముందు నాకు చెప్పాలనిపించేది ఇంకొకటుంది. చావు ఇంట్లో ఖర్చంతా పెద్దకర్మ నాడు పెడతాం. ఆకలి మాత్రం పోయిన రోజే ఎక్కువ ఉంటుంది. దాని గురించి ఎవరూ అడగరు.

మామగారు తెల్లవారుజామున పోయారు. కబురు అందగానే హిందూపురం, కదిరి వైపు చుట్టాలంతా మొహం కడుక్కుని దొరికిన బస్సో రైలో ఎక్కేశారు. పది దాటేసరికి ఇల్లు నిండిపోయింది. ఆడపడుచు పుణె నుంచి రావాలి కాబట్టి మధ్యాహ్నం మూడింటిదాకా ఎత్తలేదు. శవం లేచేదాకా ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు, మా వైపు అది గట్టి పట్టింపు. ఊళ్లో అయితే దాంతో ఏ ఇబ్బందీ లేదు. దాయాదులో పక్కింటివాళ్లో ఒక దబరా ఉప్మా, ఒక బిందె మజ్జిగ అడక్కుండానే పంపుతారు. ఆ ఏర్పాటు ఉండబట్టే ఆ పట్టింపు ఇన్నాళ్లు నడిచింది. బెంగళూరులో అపార్ట్‌మెంటు తలుపు వెనక ఎవరు పోయారో పక్కవాళ్లకు సాయంత్రానికి గానీ తెలియదు. పట్టింపు మాత్రం మనతోపాటే వచ్చింది.

పన్నెండు దాటాక గోడకు ఆనుకుని కూర్చున్న మా చిన్నత్త మెల్లగా పక్కకు ఒరిగింది. కొంగు చెమటకు తడిసిపోయింది, వేళ్లు వణుకుతున్నాయి, పిలిస్తే ఊ అంటోంది గానీ కళ్లు తెరవడం లేదు. బావ పోయిన బెంగతో సొమ్మసిల్లిందని నలుగురూ విసరడం మొదలుపెట్టారు. పై ఇంటి కన్నడ ఆంటీ వచ్చి చెయ్యి పట్టుకుని చూసి, "షుగర్ మాత్ర వేసుకుని ఏమైనా తిన్నారా?" అని అడిగింది. కదిరిలో బస్సెక్కే ముందు మాత్ర వేసుకుందట. తిన్నది ఏమీ లేదు. ఆంటీ పరుగున వెళ్లి గ్లాసు నీళ్లలో చక్కెర దండిగా కలిపి తెచ్చి, మింగగలుగుతోందని చూసుకుంటూ కొద్దికొద్దిగా తాగించింది. కాసేపటికి కళ్లు తెరిచి చిన్నత్త అన్న మొదటి మాట ఏమిటో తెలుసా? "ఎవరికీ చెప్పొద్దమ్మా, శవం ఇంట్లో ఉండగా నోట్లో వేసుకున్నాననుకుంటారు."

ఆంటీ ఇంకేం మాట్లాడలేదు. పైకి వెళ్లి పెద్ద గిన్నెడు ఉప్పిట్టు, అంటే మన ఉప్మానే, చేసి మెట్ల మలుపులో పెట్టి, వచ్చి నా చెవిలో చెప్పింది. ఒక్కొక్కరినే లేపి పంపాను. డెబ్బై ఏళ్ల పెద్దవాళ్లు గోడవైపు తిరిగి నిలబడి, ప్లేటు గుండెకు ఆనించుకుని, గబగబా నాలుగు ముద్దలు మింగి, మూతి తుడుచుకుని దొంగతనం చేసినవాళ్లలా తిరిగొచ్చి చాప మీద కూర్చున్నారు. అది కళ్లారా చూశాక ఈ విషయంలో ఎవరి శాస్త్రమూ నాకు చెవికెక్కదు. చుట్టం పోయాడని ప్రయాణం చేసి వచ్చిన ముసలి ప్రాణాన్ని పస్తు పెట్టమని ఏ శాస్త్రమూ చెప్పదు, చెప్పినా నేను వినను.

మన ఇంట్లో పొయ్యి వెలిగించకపోతేనేం, వీధి చివర దర్శిని, అంటే నిలబడి తినే చిన్న టిఫిన్ హోటలు, తెల్లారేసరికే తెరుస్తారు. ఒక కుర్రాణ్ణి పంపి మనిషికి మూడిడ్లీల లెక్కన కట్టించండి, సాంబారు విడిగా. చట్నీ వద్దు, ఎండకు పాడవుతుంది. పక్క ఫ్లాటువాళ్లను రెండు గంటలు హాలు అడగండి, ఇలాంటప్పుడు కాదనేవాళ్లు తక్కువ. కాఫీకి లీటరు పాలు చిన్న గ్లాసులు పది పన్నెండుకు వస్తాయి. షుగర్ ఉన్నవాళ్లను, కడుపుతో ఉన్నవాళ్లను, పిల్లలను పిలిచి తినిపించే పని కాస్త దూరపు చుట్టం ఒకరికి అప్పజెప్పండి, ఇంటివాళ్లకు ఆ ధ్యాస ఉండదు. ఇదంతా కలిపినా పెద్దకర్మ ఖర్చు ముందు చాలా తక్కువే. మీ ఇంట్లో ఆ రోజు దాటిపోయింది, తెలుసు. చదివే మిగతావాళ్ల కోసం రాశాను.

ఇక మీ 60 మంది. క్యాటరింగ్ జోలికి వెళ్లకండి. ఆకు లెక్కన మాట్లాడతారు, కనీసం ఇంతమంది అంటారు, రానివాళ్లకూ మనమే కట్టాలి. మేం హిందూపురం నుంచి వంటాయన్ని, ఆయన భార్యను పిలిపించుకున్నాం. క్యాటరింగ్ వాళ్లు అడిగిన దాంట్లో సగం కూడా కాలేదు. అయితే వంటవాళ్లు రాసిచ్చే సరుకుల చీటీని ఉన్నదున్నట్టు కొనకండి. తక్కువ పడితే తమకు మాటొస్తుందని నూనె, పప్పు ఎప్పుడూ ఎక్కువే రాస్తారు. 60 మందికి చిత్రాన్నంతో కలిపి 8 కిలోల సోనామసూరి, పప్పుకూ సాంబారుకూ 3 కిలోల కందిపప్పు, వేపుడుకు 6 కిలోల అరటికాయ, 10 లీటర్ల పెరుగు చాలు. గారెలకు రెండున్నర కిలోల మినప్పప్పు నానబోస్తే మనిషికి రెండు నిక్కచ్చిగా వస్తాయి. వీటికి తోడు పాయసం, ఊరగాయ. ఉల్లి, వెల్లుల్లి లేని వంట ఎలాగూ చవకే. భోక్తలను, అంటే పోయినవాళ్ల పేరున భోజనం చేసే బ్రాహ్మణులను, కూర్చోబెట్టే ఇల్లయితే ఆ వంట వేరు. చాలా ఇళ్లలో క్యాబేజీ, బంగాళాదుంప, టమోటా, పచ్చిమిర్చి కూడా పనికిరావు, మిరియాల కారంతో కంద, చేమ, అరటికాయ వండుతారు. మీ పురోహితుణ్ణి ముందే అడగండి.

దీనికి మించి ఒక్క రకం కూడా కలపొద్దు. ఈమధ్య దినాలకు కూడా గోబీ మంచూరియా, జిలేబీ, ఐస్‌క్రీము పెడుతున్నారు. ఒక ఇంట్లో ఫోటో ముందు దీపం వెలుగుతున్న బల్ల పక్కనే బీడా కౌంటరు చూశాను. ఆ ఇంటి కొడుకు అప్పు చేసి ఇదంతా పెట్టాడని తర్వాత తెలిసి కడుపు రగిలిపోయింది. తిన్నవాళ్లు ఇంటికి పోయి బాగా పెట్టాడని ఒక్క మాట అంటారు, వడ్డీ ఏళ్లపాటు అతను కడతాడు.

అన్నం ఒకేసారి వండించొద్దు, నా లెక్కలో అసలు పొదుపు ఇక్కడే ఉంది. దినం వారం మధ్యలో పడితే బెంగళూరులో మనుషులు ఒక్క బంతికి రారు. ఒకరు పన్నెండున్నరకు వస్తే, సిల్క్‌బోర్డు కూడలి ట్రాఫిక్కు దాటి రావాల్సినవాళ్లు మూడింటికి వస్తారు, కొందరు సాయంత్రం మొహం చూపించి పోతారు. సగం బియ్యం ముందు వండించి, రెండో డేగిసాలో ఎసరు మాత్రం మరిగించి ఉంచండి. వచ్చినవాళ్లను చూసుకుని అప్పుడు బియ్యం పోయించండి. కడగని బియ్యం ఎక్కడికీ పోదు, వండిన అన్నం సాయంత్రానికి పులిసిపోతుంది.

అరటాకులు కె.ఆర్. మార్కెట్లో తెల్లవారుజామున తెచ్చుకుంటే చవక, పైగా ప్లేట్లు కడిగే నీళ్లు మిగులుతాయి. 2024 ఎండాకాలంలో ఈ ఊళ్లో ట్యాంకర్ల కోసం పడిన పాట్లు చూసినవాళ్లకు ఆ మాట వేరే చెప్పక్కర్లేదు. చిన్న నీళ్ల బాటిళ్లు కొనొద్దు. 20 లీటర్ల క్యాన్లు నాలుగు తెప్పించి, షామియానా షాపులో స్టీలు గ్లాసులు అద్దెకు తీసుకోండి. పెద్ద పొయ్యి, 19 కిలోల సిలిండర్ కూడా వాళ్ల దగ్గరే దొరుకుతాయి.

అద్దె ఇల్లు అన్నారు కాబట్టి ఓనరును ఈరోజే అడగండి. కొందరు ఓనర్లు కర్మ మా ఇంట్లో చేయొద్దని మొహం మీదే చెప్పేస్తారు. నెలనెలా అద్దె తీసుకునేటప్పుడు లేని అశుభం అప్పుడెక్కడి నుంచి వస్తుందో నాకు అర్థం కాదు. ఒప్పుకోకపోతే వాదన పెట్టుకోకుండా మీ పేటలో సముదాయ భవనం ఏదుందో కనుక్కోండి.

ఆ రోజు పిండప్రదానం ముగిసేసరికి ఒంటిగంట దాటుతుంది. కర్త ఎలాగూ ఉపవాసమే. మిగతావాళ్లకు తొమ్మిదింటికల్లా ఉప్మా, కాఫీ సిద్ధం చేయించండి. పెద్దవాళ్లు మొహమాటపడతారు, అందుకని పిల్లలకు పెడుతున్నట్టుగా మొదలుపెట్టి వాళ్ల చేతికీ ఒక ప్లేటు ఇచ్చేయండి.