ఆటో ఎక్కడ ఆగుతాదో అడిగినారా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: అమ్మానాన్నని కాశీకి తీసకపోతున్నాం, తొమ్మిది రాత్రులు అక్కడ నిద్ర చేయాలని నాన్న మొక్కు. సత్రంలో అన్ని రోజులు రూమ్ ఇచ్చేది లేదన్నారు, అందుకని రోజువారీ అద్దెకిచ్చే ఇళ్ళు ఫోన్‌లో చూస్తా ఉన్నాం. ఏది చూసినా 'ఘాట్‌కి ఐదు నిమిషాల నడక' అనే ఉంది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఏ పక్క తీసుకుంటే మేలు?
– ఒక పాఠకురాలు, వెంకటరమణ కాలనీ, కర్నూలు

జవాబు: ఆ ఐదు నిమిషాలు ఎవరి కాళ్ళతో లెక్కేసినారో ముందు అది అడగండక్కా. ఇల్లు అద్దెకిచ్చే ఆయన ఆ సందుల్లోనే పుట్టి పెరిగినోడు, ఎద్దు అడ్డం పడుకున్నా పక్కనించి జారుకుని పోతాడు, అదే దూరానికి మీ అమ్మగారికి ఇరవై నిమిషాలు పట్టినా పట్టచ్చు. మీ కర్నూలు సి క్యాంపు రోడ్డు మీద కిలోమీటర్ నడవడం వేరే, కాశీ గల్లీలో పావు కిలోమీటర్ నడవడం వేరే, అక్కడ కింద రాతిబండలు, మీద తడి, పేడ, వెనక నించి హారన్ కొడతా బైకు.

అందుకే నేనైతే ఘాట్ ఎంత దూరం అని అడగను, ఆటో ఎక్కడ ఆగుతాది, అక్కడి నించి తలుపు దాకా ఎన్ని మెట్లు అని అడుగుతా. ఇంకా మంచి పని ఏందంటే ఆటో ఆగే చోటు నించి రూమ్‌లో మంచం దాకా ఆపకుండా నడుస్తా ఒక వీడియో తీసి వాట్సాప్‌లో పంపమనండి, నిజంగా ఇల్లుండి అద్దెకిచ్చేవాళ్ళకి అది రెండు నిమిషాల పని, పంపకుండా రేపు మాపు అంటా ఉంటే ఆ ఇల్లు వదిలేయండి. యాప్‌లో మ్యాప్ చూసి మోసపోవద్దు, చాలా యాప్‌లలో డబ్బు కట్టేదాకా అసలు ఇల్లు ఎక్కడుందో చూపీరు, సుమారుగా ఒక గుండ్రం గీసి పెడతారు, ఆ గుండ్రం ఆ చివరా ఈ చివరా మధ్యనే నాలుగు సందులు, ఒక పెద్ద మెట్లవరస ఉంటాయి.

ఏరియాల సంగతికొస్తే, విశ్వనాథుడి గుడికి దగ్గర కావాలని అందరూ గోదౌలియా, దశాశ్వమేధం పక్కనే వెతుకుతారు. దగ్గరే, కాదనను, కానీ గోదౌలియా చౌరస్తా దాటితే బండ్లు పోనీరు, లగేజీ అంతా అక్కడే దించేస్తారు, ఆ జనంలో ట్రాలీ బ్యాగ్ లాక్కుంటా పెద్దోళ్ళని పట్టుకుని నడవాల. గుడి నించి గంగ దాకా వేసిన కారిడార్ 2021 డిసెంబర్‌లో మొదలైనప్పటి నించి జనం ఇంకా పెరిగినారు. మీ అమ్మగారికి నేను చెప్పేదైతే కేదార్ ఘాట్, మానసరోవర్ ఘాట్ వెనకాల ఉండే పాండే హవేలీ, సోనార్‌పురా పక్క. మనోళ్ళు తరతరాలుగా దిగే చోటు అది, ఆంధ్రాశ్రమం అక్కడే ఉంది, తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు చెప్పేవాళ్ళు దొరుకుతారు, ఇడ్లీ, పెరుగన్నం దొరుకుతాయి, తొమ్మిది రోజులు పూరీ కూర తినలేని కడుపులకి అది చిన్న విషయమేం కాదు. సోనార్‌పురా మెయిన్ రోడ్డు మీద ఆటో ఆగుతాది, కాబట్టి రోడ్డుకి దగ్గరగా ఉండే ఇల్లు చూసుకోండి, ఘాట్‌కి దగ్గరగా ఉండేది కాదు. గంగ రోజుకి ఒకసారో రెండుసార్లో, ఆటో మాత్రం గుడికీ, మందుల షాపుకీ, డాక్టర్‌కీ అన్నిటికీ కావాల. కేదార్ ఘాట్ మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి, దిగేటప్పుడు బాగానే ఉంటాది, ఎక్కేటప్పుడే మోకాళ్ళు చెప్తాయి, గౌరీ కేదారేశ్వరుడి గుడి మాత్రం ఆ మెట్లకి పైనే ఉంది కాబట్టి ఆ దర్శనం రోజూ అవుతాది.

ఇంకో మాట, ఆ వరసలోనే హరిశ్చంద్ర ఘాట్ కూడా ఉంది. అది శ్మశానం. దాని పక్క రూమ్ అద్దె కొంచెం తక్కువకి కనపడితే ఎందుకు తక్కువో అర్థం చేసుకోండి, రాత్రంతా పాడెలు వస్తానే ఉంటాయి, కిటికీ తీస్తే పొగ. కొందరు కాశీకి పోయేదే దానికి కదా అంటారు, మీ నాన్నగారు అంటే సరే, అమ్మగారిని కూడా ఒక మాట అడగండి.

అస్సీ ఘాట్ పక్క రోడ్లు వెడల్పు, లిఫ్ట్ ఉండే కొత్త బిల్డింగులు కూడా కనపడతాయి, సంకట మోచన్ హనుమంతుడి గుడి, దుర్గాకుండ్ అమ్మవారి గుడి దగ్గర, కానీ విశ్వనాథుడు సుమారు మూడు కిలోమీటర్లు. రోజూ దర్శనం అనుకుంటే ఆ ట్రాఫిక్‌లో రానూ పోనూ ఆటోలతోనే సగం పూట పోతాది.

ఇంట్లో చూసుకోవాల్సింది మెట్లు. పాత ఇళ్ళల్లో మెట్లు ఇరుకు, ఒక్కో మెట్టు చాలా ఎత్తు, పట్టుకోను రెయిలింగ్ ఉండదు, పైగా గంగ కనపడే రూమ్ అంటే మూడో అంతస్తే. గంగ ఫొటో చూసి పడిపోకండి, కింది అంతస్తు, వెస్టర్న్ టాయిలెట్, కిటికీకి ఇనప జాలీ ఉంటే చాలు. జాలీ దొంగలకి కాదు, కోతులకి. రివ్యూలు కొత్తవి ముందొచ్చేటట్టు పెట్టుకుని, మెట్లు, నడక అనే మాటలు ఎక్కడ వచ్చినాయో అవే చదవండి, 'వెరీ నైస్ స్టే' గాళ్ళని వదిలేయండి.

గుడిలోకి ఫోన్ పోనీరు, అందుకని రూమ్‌లోనే పెట్టిపోవాలనిపిస్తాది. అప్పుడు వెనక్కి రావడానికి మ్యాప్ ఉండదు కదా, అన్ని సందులూ ఒకే మాదిరి ఉంటాయి, కాబట్టి ఇంటి అడ్రసు, దగ్గర్లో గుడి పేరో షాపు పేరో హిందీలో రాయించి నలుగురి జేబుల్లోనూ తలా ఒక చీటీ పెట్టండి.

ఎప్పుడు పోతున్నారో రాయలేదు. వానాకాలంలో గంగ పెరిగితే ఘాట్లన్నీ మునుగుతాయి, కేదార్ నించి దశాశ్వమేధం దాకా నీళ్ళ పక్కనే నడిచే దారి ఉండదు, గల్లీల్లోనించే తిరిగిపోవాల. ఇంకోటి, మన పంచాంగం చూసి శ్రావణం ఇంకా రాలేదులే, రద్దీ ఉండదు అనుకుంటారు మనోళ్ళు. ఉత్తరాది వాళ్ళకి నెల పౌర్ణమి తర్వాత మొదలవుతాది, అంటే మన ఆషాఢం రెండో సగంలోనే, గురుపౌర్ణమి మర్నాటి నించే వాళ్ళకి శ్రావణం, కావళ్ళు మోసేవాళ్ళతో సోమవారాలు అడుగు పెట్టను సందుండదు. కార్తీక పౌర్ణమికి దేవ్ దీపావళి అని ఘాట్ల నిండా దీపాలు పెడతారు, చూడాల్సిందే గానీ ఆ రోజుల్లో రూమ్ రేట్లు అడగద్దు.

అడ్వాన్స్ యాప్‌లోనే కట్టండి. 'యాప్‌లో కమిషన్ పోతాది, నా నంబర్‌కి నేరుగా వేయండి, తగ్గిస్తా' అంటే వద్దు. సత్రాల పేరు మీద దొంగ వెబ్‌సైట్లు కూడా ఉంటాయి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాల.

ప్రశ్న: అనంతపురం నించి కార్లో పుదుచ్చేరి పోతున్నాం, మూడేళ్ళ పాప ఉంది. పాత ఫ్రెంచ్ వాళ్ళ పేట వైట్ టౌన్‌లోనే ఉండాలని మా ఆయన పట్టు. రేట్లు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి.
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: మీ ఆయన చెప్పేదాంట్లో సగం న్యాయముంది. ఆ పసుపు గోడల వీధులు, సముద్రం ఒడ్డు రోడ్డు అన్నీ నడిచి తిరిగేవే, సాయంత్రం పూట ఆ బీచ్ రోడ్డు మీదికి బండ్లు రానీరు, పాపని వదిలేసి మీరు హాయిగా కూర్చోవచ్చు. కానీ మధ్యలో ఒక కాలవ ఉంది, అది దాటితే తమిళ వీధులు, అరుగుల ఇళ్ళు, రేటు తక్కువ, టిఫిన్ బాగుంటాది, బీచ్ రోడ్డుకి నడిచే పోవచ్చు. నేనైతే అక్కడే దిగుతా. కారు పెట్టను సొంత చోటుందా అని మాత్రం ముందే అడగండి, లేకపోతే రోజూ సాయంత్రం కారు పెట్టను చోటు కోసం తిరగడమే సరిపోతాది. ఆ బీచ్ ఎక్కువ భాగం రాళ్ళు, ఇసక కొంత మేరే ఉంటాది, పాప ఇసకలో బాగా ఆడుకోవాలంటే ఊరి బయటి బీచ్‌లు మేలు. ఆరోవిల్ అనే అంతర్జాతీయ టౌన్‌షిప్ కూడా ఊరి బయటే, నడక లెక్కలోకి రాదు.

ప్రశ్న: దేవుని కడపలో గుడి దగ్గర మా పాత ఇల్లు ఖాళీగా ఉంది. తిరుమల పోయేవాళ్ళకి రోజు లెక్కన ఇయ్యొచ్చా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: ఇయ్యొచ్చన్నా, తిరుమలకి తొలి గడప అని ముందు అక్కడ దర్శనం చేసుకునే పోయేవాళ్ళున్నారు, ఉగాదికి ముస్లింలు కూడా వస్తారు, పెద్ద దర్గా ఉరుసప్పుడైతే ఊళ్ళో రూములే దొరకవు. వచ్చినోళ్ళ ఆధార్ చూసి రిజిస్టర్‌లో రాసుకోండి, విదేశీయులు దిగితే 24 గంటల్లోపు వాళ్ళ వివరాలు ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో ఇవ్వాల (ఇదివరకు దాన్ని ఫారం సి అనేవాళ్ళు), అది లాడ్జీలకే అనుకుంటారు, ఇళ్ళకీ వర్తిస్తాది. కరెంటు కనెక్షన్ ఇంటిదే ఉంచాలా కమర్షియల్‌కి మార్చాలా అనేది మీ సెక్షన్ ఆఫీసులో కనుక్కోండి. ప్రకటనలో గుడికి ఎన్ని నిమిషాలు అని రాయకండి, కారు మీ గుమ్మం దాకా వస్తాదా లేదా, మెట్లెన్ని, అది రాయండి, పెద్దోళ్ళతో వచ్చేవాళ్ళు ముందు మీకే ఫోన్ చేస్తారు.