ముందు నోట్‌బుక్ కొను

బిడ్డా,

అత్యాచార కేసుల్లో చట్టం మారాలంటే ఏకశిలా పార్కు దగ్గర ధర్నా పెడదామా అని అడిగావు. పెట్టు, నేనూ వస్తా. అంతకన్నా ముందు రెండు వందల పేజీల నోట్‌బుక్ ఒకటి కొను.

చాలా ఏళ్ల కింద అత్యాచారానికి గురైన ఒక పిల్లను పరీక్ష కోసం వెంటబెట్టుకుని పొద్దున తొమ్మిదింటికి ఆసుపత్రికి పోయాను. స్టేషన్ నుంచి కాగితం తెమ్మన్నారు. తెచ్చేసరికి డాక్టరమ్మ డ్యూటీ దిగి వెళ్లిపోయింది. పరీక్ష అయ్యేసరికి సాయంత్రం ఆరు. అప్పటిదాకా ఆ పిల్ల ఆనవాళ్లు పోతాయేమోనని బాత్రూమ్‌కు కూడా పోకుండా బెంచీ మీదే కూర్చుంది. తడి బట్టలను ప్లాస్టిక్ కవర్లో కుక్కారు. ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలని నాకూ తెలియదు. ఇంటికొచ్చి ఏడ్చాను గానీ ఏమీ రాసుకోలేదు. నెల తర్వాత పెద్దసారు ముందు నిలబడితే "చాలాసేపు ఆపారు సార్" తప్ప నోట మాట రాలేదు. "చూద్దాం" అన్నాడాయన.

ఏ టైముకు, ఏ కౌంటర్లో, ఏ కాగితం అడిగారో, ఏమన్నారో రాయి. పిల్ల పేరు, ఊరు వద్దు. అవి బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం.

పది కేసులు రాశాక అందరూ ఎక్కడ ఆగారో కనపడుతుంది. అక్కడ రూలే లేదా, ఉండి అమలు కావట్లేదా చూడు. పోలీసు కాగితం లేకున్నా పరీక్ష చేయొచ్చని 2014లోనే కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలిచ్చింది. అలాంటిదానికి కొత్త చట్టమెందుకు? కలెక్టర్‌ను సర్క్యులర్ అడుగు.

రూలే లేకపోతే మథుర కేసు చదువు. పోలీస్ స్టేషన్‌లోనే తనపై అత్యాచారం జరిగిందన్న అమ్మాయి ఆమె. గాయాలు లేవు, కేకలు వేయలేదని 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులను వదిలేసింది. మరుసటేడు నలుగురు లా అధ్యాపకులు ఆ తీర్పును తప్పుపడుతూ బహిరంగ లేఖ రాశారు. ఊరూరా ఆడవాళ్లు రోడ్డెక్కారు. 1983లో అప్పటి సాక్ష్య చట్టంలో 114ఎ సెక్షన్ వచ్చింది: పోలీసు కస్టడీలో సంబంధం రుజువై, ఆమె ఒప్పుకోలేదని చెబితే, కోర్టు ఆమె మాటే నమ్మి మొదలుపెట్టాలి. మథురకు మాత్రం దానితో ఒరిగిందేమీ లేదు. ఈ సంగతి నీతో వచ్చే అమ్మాయికి ముందే చెప్పు. విన్నాక వద్దంటే బతిమాలకు. మైకు ముందుకు అసలే తోయకు.

ఇంకొకటి, అవకాశం చెప్పి రాదు. 2012 ఢిల్లీ సామూహిక అత్యాచారం తర్వాత చట్టంలో మార్పులు సూచించడానికి వేసిన వర్మ కమిటీ 29 రోజుల్లో రిపోర్టు ఇచ్చేసింది. అప్పుడు రాయడం మొదలుపెట్టినవాళ్లకు టైమెక్కడిది?

ఆదివారం రా. నా పాత నోట్‌బుక్కులు మూడు సజ్జ మీదున్నాయి. ఒకటి చెదలు తిన్నది, మిగతా రెండూ పట్టుకుపో.

మీ పెద్దమ్మ,
హనుమకొండ