పెనాంగ్‌లో ఓడ దిగాక టాక్సీ ఎక్కకండి

అమ్మలూ,

సింగపూర్ నుంచి క్రూజ్ బుక్ చేశారని, మలేషియాలోని పెనాంగ్‌లో ఒక పూట ఆగుతుందని మీ అమ్మ చెప్పింది. ఓడ దిగగానే టాక్సీ మాత్రం ఎక్కకండి. మొదటిసారి మేం కొండ, పెద్ద గుడి అన్నీ చూసేద్దామని ఎక్కి, సగం పూట కొండ రైలు క్యూలో నిలబడ్డాం, మిగతా సగం ఓడ మమ్మల్ని వదిలేసి పోతుందేమోనని టెన్షన్ పడ్డాం.

నిజానికి ఓడ ఆగే స్వెటెన్‌హామ్ పియర్ ఉన్నదే జార్జ్‌టౌన్ పాత ఊరి గుమ్మంలో. బయటికి రాగానే గడియారం స్తంభం కనిపిస్తుంది. విక్టోరియా రాణి పాలనకి 60 ఏళ్లు నిండాయని 60 అడుగులు కట్టారు, కాస్త ఒరిగి ఉంటుంది. పక్కనే కార్న్‌వాలిస్ కోట, పైపైన చూస్తే చాలు.

అక్కడి నుంచి పిట్ స్ట్రీట్ (ఇప్పటి పేరు జలాన్ మస్జిద్ కపితాన్ కెలింగ్) పట్టుకోండి. 1818 నాటి చర్చి, చీనావాళ్ల కరుణ దేవత గుడి, పక్క వీధిలో మన మారియమ్మ గుడి, ఆ తర్వాత కపితాన్ కెలింగ్ మసీదు, అన్నీ పిలిస్తే పలికేంత దూరంలోనే. ఆ కెలింగ్ అంటే మన కళింగమేనట! అయితే ఇప్పుడు అక్కడి మనవాళ్లని ఆ మాటతో పిలిస్తే తిట్టినట్టే, నోరు జాగ్రత్త.

ఎండ గురించి భయపడకు. పాత కొట్ల ముందు పొడుగునా కప్పున్న వసారాలుంటాయి, వాటిని కాకి లిమా అంటారు (కాకి అంటే మలయ్ భాషలో అడుగు, మన కాకి కాదు). ఎండైనా వానైనా వాటి కిందే నడవచ్చు, కాకపోతే ఒక్కో కొట్టు ముందు ఒక్కో ఎత్తు, మధ్యలో బైకులు పెట్టేస్తారు, అందుకని ఫోన్ చూసుకుంటూ నడవద్దని మీ తమ్ముడికి గట్టిగా చెప్పు.

ఖూ కోంగ్సీకి (ఖూ అనే చీనా వంశంవాళ్ల గుడి) టికెట్ కొని మరీ లోపలికి వెళ్లండి. మొదట కట్టింది మరీ రాజభవనంలా ఉందని దేవతలకే కోపం వచ్చి 1901లో కాలిపోయిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు, తర్వాత కాస్త తగ్గించి కట్టారట, ఆ తగ్గించిందే అంత ఉంది! ఆర్మీనియన్ స్ట్రీట్‌లో గోడకి నిజం సైకిలు బిగించి పిల్లల బొమ్మలేశారు, ఫొటోకి లైనుంటుంది, మీ ఇష్టం. నేనైతే ఆ టైమ్ చ్యూ జెట్టీకి ఇస్తాను. సముద్రంలో గుంజలు పాతి కట్టిన చెక్క ఇళ్లు, ఇప్పటికీ కాపురాలున్నాయి, గుమ్మాల్లోంచి ఫొటోలు తీయకండి.

మొత్తం మూడు కిలోమీటర్లు అటూ ఇటూ, అంతే. ఆకలేస్తే లిటిల్ ఇండియాలో అరిటాకు భోజనం ఉంది. అమ్మకి మోకాళ్లు పట్టేస్తే మూడు చక్రాల రిక్షా ఎక్కించు, బేరం ఎక్కకముందే తేల్చుకో. ఓడ ఎక్కమన్న టైమ్‌కి గంట ముందే రేవులో ఉండండి.

అన్నట్టు, అక్కడ జాజికాయ నూనె దొరుకుతుంది, నాకో సీసా తీసుకురా. నా మోకాళ్లూ అంతంతమాత్రమే.

మీ పెద్దమ్మ