వోల్టేజీ డివైడరు కట్టబోతున్న మా కావ్యకు

విశాఖపట్నం

చిరంజీవి కావ్యకు పెదనాన్న ఆశీస్సులు.

బోట్ల బ్యాటరీలలో ఎంత సత్తువ మిగిలిందో చూపించే పెట్టెను నీవు సొంతంగా తయారుచేసి ఫిషింగ్ హార్బరులో బిగించబోతున్నావని మీ నాన్న చెప్పగానే ఎంత పొంగిపోయానో, ఆ వెంటనే అంత దిగులూ పట్టుకుంది.

లెక్క నీకు తెలిసిందే. రెండు రెసిస్టర్లను వరుసగా కలిపి, బ్యాటరీ వోల్టేజీలో కొంత భాగాన్నే మధ్య నుంచి తీసుకునేదే వోల్టేజీ డివైడరు. 24 వోల్టుల బ్యాటరీ ఛార్జింగులో 29 దగ్గరికి పోతుంది కనుక, వోల్టేజీని కొలిచే చిన్న కంప్యూటరు బోర్డు ఆర్డ్యునో యునోలో 5 వోల్టులు దాటకూడని పిన్నుకు పైన (బ్యాటరీ ప్లస్సు వైపు) 68 కిలోఓములు, కింద (గ్రౌండు వైపు) 10 కిలోఓములు పెట్టు. బ్యాటరీ వైపు 39 వస్తే గాని పిన్ను దగ్గర 5 రావు. బ్యాటరీ ఆదా అవుతుందని ఇంతకంటే పెద్ద విలువలకు పోవద్దు, ఎందుకంటే ఆ బోర్డు మీది చిప్పుకు సిగ్నలు అందించే వైపు నిరోధం 10 కిలోఓములకు మించకపోతేనే అది సరిగా కొలుస్తుంది. ఈ జతకు, రెండూ సమాంతరంగా ఉన్నట్లు లెక్కిస్తే, అది 8.7 అవుతుంది. బంగారు పట్టీ ఉన్న, విలువ 5 శాతం అటూ ఇటూ ఉండగల రెసిస్టర్లు కొనకు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ పడ్డాయంటే 24 దగ్గర రెండు వోల్టుల తేడా వస్తుంది. 1 శాతం మెటల్ ఫిల్మువి తీసుకో. కింది రెసిస్టరుకు అడ్డంగా 100 నానోఫారడ్ల కెపాసిటరు వెయ్యి.

నా భయమంతా ఆ కింది రెసిస్టరు గురించే. నేను రేవు దగ్గర రిపేర్లు చేసే రోజుల్లో బోటు నడిపే ఒక సరంగు తన బ్యాటరీ మీటరు పట్టుకొచ్చాడు. రాత్రంతా దీపాలు వేసుకున్నా మీటరు 24.4 చూపిస్తోందని నిశ్చింతగా ఉన్నాడట. తెల్లవారుజామున ఇంజను స్టార్టు కాలేదు, మరో బోటు వచ్చి తాడు కట్టి లాక్కురావలసి వచ్చింది. నా మల్టీమీటరుతో చూస్తే బ్యాటరీలో ఉన్నది 23.4. పెట్టె విప్పాను. అందులోనూ ఇవే విలువలు, లెక్కలో తప్పేమీ లేదు. అయితే దానిని కట్టినవారెవరో కింది రెసిస్టరు కాలును సోల్డరు చేయకుండా గ్రౌండు స్క్రూకు చుట్టి వదిలేశారు. ఉప్పుగాలికి ఆ చుట్టలో ఆకుపచ్చని చిలుము పట్టి, సుమారు 500 ఓముల నిరోధం చేరింది. అంటే కింది రెసిస్టరు 10 కాదు, 10.5 కిలోఓములయింది; ఆ మేరకు పిన్ను దగ్గర వోల్టేజీ పెరిగి, ఖాళీ అవుతున్న బ్యాటరీలో ఇంకా సత్తువ ఉన్నట్లు కనిపించింది. పై రెసిస్టరు వైపు చిలుము పట్టి ఉంటే రీడింగు తగ్గేది, సరంగు ముందే జాగ్రత్తపడేవాడు. మన ఇంటి కిటికీ ఊచలకే ఈ గాలి ఏం చేస్తుందో చూస్తూ పెరిగినదానివి, ఈ సంగతి ఎలా మరిచిపోతావు తల్లీ?

కాబట్టి రెండు రెసిస్టర్లూ బోర్డు మీదే, చిప్పు పక్కనే సోల్డరు చేసి, పైన బోర్డులకు పూసే వార్నిష్ వెయ్యి. బ్యాటరీ ప్లస్సు దగ్గరే ఫ్యూజు పెట్టు. కింది కాలు పూర్తిగా ఊడితే రీడింగు ఆ చిప్పు చూపగల గరిష్ఠ అంకె 1023 దగ్గర అంటుకుపోతుంది. దానిని నిండు బ్యాటరీగా కాక లోపంగా చూపేలా ప్రోగ్రాము రాయి. చిలుము వల్ల వచ్చే చిన్న తేడాను మాత్రం ప్రోగ్రాము పట్టలేదు, కనుక ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో బోట్లు ఒడ్డునే ఉన్నప్పుడు ఏటా మల్టీమీటరుతో సరిచూడు.

తరువాత ఇంట్లో 230 వోల్టుల ఇన్వర్టరును కూడా ఇలాగే కొలుస్తానన్నావట. అది మాత్రం వద్దు. దాని శిఖరం 325 వోల్టులు, డివైడరు వోల్టేజీని తగ్గిస్తుందే గాని నిన్ను ఆ లైను నుంచి వేరు చేయదు. నీ ల్యాప్‌టాప్, దాని మీద నీ చేయి కూడా ఆ లైనుకు తగిలి ఉన్నట్లే. మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉండాలి, అదీ నేను పక్కన కూర్చున్నప్పుడే. ఆదివారం బోర్డు తీసుకుని రా, ముందు నీ సోల్డరింగు చూస్తాను. పెద్దమ్మ నీకని కజ్జికాయలు చేసి ఉంచుతానంది.

నీ పెదనాన్న