ఇంగ్లండ్‌కి ఆడిన తొమ్మిది మ్యాచ్‌ల్లోనూ గోల్ కొట్టిన జార్జ్ క్యామ్‌సెల్

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఆడిన ఇంగ్లిష్ ఫుట్‌బాలర్లలో, జనం మర్చిపోయినా మనం తెలుసుకోవాల్సిన వాడు ఎవరని అడిగారు. నేను జార్జ్ క్యామ్‌సెల్ పేరు చెబుతాను.

మాస్టర్స్ కోసం ఇంగ్లండ్‌లోని మిడిల్స్‌బ్రో వెళ్లాను. టీసైడ్ యూనివర్సిటీ ఉన్న ఊరు కాబట్టి మన తెలుగు పిల్లలు చాలామందికి తెలిసే ఉంటుంది. పార్ట్‌టైమ్‌గా గోడౌన్‌లో పనిచేసేటప్పుడు నా షిఫ్ట్‌లో ఒక పెద్దాయన ఉండేవారు. మా నాన్న కొత్తగూడెంలో బొగ్గుబావిలో పనిచేశారని తెలియగానే, "అయితే నీకు క్యామ్‌సెల్ కథ చెప్పాలి" అన్నారు. ఆయన తాతగారు క్యామ్‌సెల్ ఆట కళ్లారా చూశారట.

క్యామ్‌సెల్ 1902లో డర్హమ్ ప్రాంతంలో పుట్టాడు. బొగ్గుగని కార్మికుడు. డర్హమ్ సిటీ క్లబ్‌కి ఆడుతూ 1925లో మిడిల్స్‌బ్రో క్లబ్‌లో చేరాడు. సరిగ్గా ఆ ఏడాదే ఆఫ్‌సైడ్ రూల్ మారింది. బంతి పాస్ చేసే సమయానికి ఫార్వర్డ్‌కీ గోల్ లైనుకీ మధ్య ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలన్న (లేకపోతే ఆఫ్‌సైడ్ అని ఆట ఆపేసే) నిబంధనను ఇద్దరికి తగ్గించారు. క్యామ్‌సెల్‌లా ముందువరసలో మధ్యన ఆడుతూ వేగంగా పరిగెత్తే సెంటర్ ఫార్వర్డ్‌కి అది వరమే.

1926-27 సెకండ్ డివిజన్ (ఇంగ్లిష్ లీగ్‌లో రెండో స్థాయి) సీజన్. మొదటి నాలుగు మ్యాచ్‌లకు అతను టీమ్‌లోనే లేడు. తర్వాత ఛాన్స్ దొరికింది. ఇటు బిల్లీ పీస్, అటు ఓవెన్ విలియమ్స్ వింగుల (మైదానం అంచుల) మీద నుంచి బంతులు అందిస్తుంటే, 37 మ్యాచ్‌ల్లో 59 గోల్స్ కొట్టాడు! క్రిస్మస్ రోజున మాంచెస్టర్ సిటీని వాళ్ల గ్రౌండ్‌లోనే 5-3తో ఓడించారు, ఆ ఐదూ ఇతనివే. నన్ను కదిలించిన విషయం ఇంకొకటుంది. ఆ సీజన్ మొదలైనప్పుడు యజమానులు కార్మికుల్ని పనిలోకి రానివ్వకుండా గనుల్లో లాకౌట్ నడుస్తోంది. మే నుంచి నవంబర్ దాకా డర్హమ్‌లో అతని తోటి కార్మికులకు పనీ లేదు, జీతమూ లేదు. సమ్మె రోజుల్లో ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో చూసినవాణ్ని కాబట్టి, ఆ గోల్స్ ఆ ఊళ్లకు ఎంత ఊరటో నేను ఊహించగలను.

ఒక సీజన్‌లో లీగ్ గోల్స్‌కి ఆ 59 కొత్త రికార్డు, కానీ అది ఒక్క ఏడాదే నిలిచింది. 1927-28లో ఎవర్టన్‌కి చెందిన డిక్సీ డీన్ 39 మ్యాచ్‌ల్లో 60 కొట్టాడు, అదీ ఫస్ట్ డివిజన్‌లో. అందరూ ఆ 60నే గుర్తుపెట్టుకున్నారు. డీన్ గొప్పవాడే, కాదనను. కానీ ఇంగ్లండ్ టీమ్ విషయంలో క్యామ్‌సెల్‌కి అన్యాయం జరిగిందనే నేను నమ్ముతాను. 1929 మే నెలలో పారిస్‌లో మొదటి మ్యాచ్, రెండు గోల్స్. రెండు రోజుల తర్వాత బెల్జియం మీద నాలుగు. నవంబర్‌లో వేల్స్ మీద హ్యాట్రిక్. ఆ హ్యాట్రిక్ తర్వాత మళ్లీ ఇంగ్లండ్ చొక్కా వేసుకోవడానికి నాలుగేళ్లు పట్టింది! అప్పుడు టీమ్‌ని కమిటీ ఎంపిక చేసేది. మొత్తం 9 మ్యాచ్‌లు, 18 గోల్స్, ఒక్క మ్యాచ్‌లో కూడా ఖాళీ చేతులతో రాలేదు.

మిడిల్స్‌బ్రోకి మాత్రం లీగ్‌లో 325 గోల్స్ ఇచ్చాడు. ఆ టీమ్ కింది డివిజన్‌కి దిగినప్పుడూ వదిలిపోలేదు.

అతను ఆడిన ఎయిర్‌సమ్ పార్క్ ఇప్పుడు లేదు, ఇళ్లు కట్టేశారు. ఒక ఆదివారం వెతుక్కుంటూ వెళ్లాను. ఒక ఇంటి ముందు గడ్డిలో కంచుతో చేసిన బూటు ముద్ర ఉంది. 1966 ప్రపంచకప్‌లో ఉత్తర కొరియా ఆటగాడు పాక్ డూ ఇక్ ఇటలీ మీద గోల్ కొట్టిన చోటు అది. క్యామ్‌సెల్ ఆ మ్యాచ్‌కి నాలుగు నెలల ముందే చనిపోయాడు. అక్కడే నిలబడి నాన్నకి వీడియో కాల్ చేసి కథంతా చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే.

"ఆట అయిపోయాక ఏం చేసి బతికాడురా?"

"అదే క్లబ్‌లో నాన్నా. కోచింగ్, స్కౌటింగ్, తర్వాత ఆఫీసు పని. 1963లో రిటైర్ అయ్యేదాకా."

"మంచిది" అన్నారు నాన్న.