మూడో పేజీ గురించి

తమ్ముడికి వందనాలు.

‘పాటే నన్ను ప్రభువు దగ్గరికి నడిపించింది’ అని నువ్వు పంపిన వ్యాసం చదివాను. ముందు ఆ పేరు మార్చు. ముగింపు శీర్షికలోనే చెప్పేస్తే పాఠకుడు లోపలికి ఎందుకు వస్తాడు?

మొదటి రెండు పేజీలు బాగున్నాయి. పటమటలో మీ అద్దె పోర్షన్, గోడకి అవతల శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఇంటర్ లెక్కలతో కుస్తీ పడుతున్న నీకు వద్దన్నా ఆ పాటలు చెవిన పడటం, చిరాకు పడుతూనే చరణాలు నోటికి వచ్చేయడం. కంజీర వాయించే పెద్దాయన పల్లవి ఎత్తుకోవడంలో ఎప్పుడూ కాస్త ముందుండేవాడనీ, మిగతావాళ్లు గబగబా ఆయన్ని అందుకునేవాళ్లనీ రాశావు చూడు, అక్కడ నాకు ఆ గది కనిపించింది. మూడో పేజీకి వచ్చేసరికి ‘ఆ రాత్రితో నా జీవితమే మారిపోయింది’ అనేశావు. ఆ వాక్యం అందరిదీ. గుంటూరు చర్చిల్లో చిన్నప్పట్నుంచీ నేను విన్న సాక్ష్యాలు, అంటే దేవుడు తమనెలా మార్చాడో విశ్వాసులు నిలబడి చెప్పుకునే మాటలు, చాలావరకు అక్కడికే వచ్చి ఆగేవి. సాక్ష్యం చెప్పేటప్పుడు ఫర్వాలేదు. ఎదురుగా కూర్చున్నవాళ్లకి నువ్వు తెలుసు, నీ గొంతు వణకడం వినిపిస్తుంది, ‘స్తోత్రం’ అంటూ వాళ్లే మిగతాది పూరించుకుంటారు. కాగితం మీద ఆ సాయం దొరకదు.

నమ్మడానికి చాలా ముందే నువ్వు పాడుతున్నావు. నీ కథంతా ఆ మధ్యకాలంలోనే ఉంది, దాన్నే దాటేశావు. స్నానం చేస్తూ కూనిరాగం తీస్తుంటే మీ అమ్మగారు తలుపు కొట్టి ‘ఎక్కడ నేర్చుకున్నావురా ఆ పాట?’ అని అడిగారని ఒక్క ముక్కలో రాసి వెళ్లిపోయావు. ఆవిడ గొంతులో ఉన్నది కోపమా, భయమా, ఊరికే అడిగారా? నువ్వేం చెప్పావు? కుళాయి కట్టేసి మాట్లాడకుండా నిలబడ్డావా, సినిమా పాటని అబద్ధమాడావా? పేజీ పట్టినా సరే, అక్కడే ఉండు. దేవుడి సంగతి నీకింకా ఏమీ తేలలేదు, నాలుక మీద మాత్రం పాట ఆడుతోంది. ఆ ఇబ్బందిని రాయగలిగితే బాప్తిస్మం గురించి నాలుగు లైన్లు రాసినా చాలు.

మీ బాబాయి విషయం. ‘నిన్ను పట్టుకుంది దేవుడు కాదురా, ట్యూను’ అని ఆయన వెక్కిరించాడన్నావు. జవాబు చెప్పకుండా ఆయన్ని మూర్ఖుణ్ని చేసి వదిలేశావు. ఆయన అన్నది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. మిలాన్ చర్చిలో పాటలు వింటూ ఏడ్చిన క్రైస్తవ వేదాంతి అగస్టీన్ క్రీ.శ. 387లో ఆ ఊళ్లోనే బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత బిషప్ అయ్యాక రాసిన ఆత్మకథలో, పాడుతున్న మాట కన్నా పాడే తీరే తనని ఎక్కువ కదిలిస్తే అది పాపమేననీ, అలాంటప్పుడు ఆ పాట వినకపోతేనే నయమనిపిస్తుందనీ ఒప్పుకున్నాడు. అలాగని చర్చిలో పాట వద్దని కూడా అనలేకపోయాడు. అంతటివాడే అటూ ఇటూ ఊగిన చోట నువ్వు మూడు లైన్లలో తీర్పు చెప్పనక్కర్లేదు. బాబాయి ప్రశ్నని బాబాయి మాటల్లోనే, ఆ వెటకారంతో సహా ఉంచు.

నాకు నిజంగా కష్టమనిపించింది నానమ్మ గురించి రాసిన చోట. ఆవిడ రామదాసు కీర్తనలు పాడేదని చెప్పి, వెంటనే దాన్నంతా ‘చీకటి రోజులు’ కింద జమ కట్టేశావు. ఒకసారి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడు. చాలా పాటల నెత్తిన రాగం, తాళం పేర్లుంటాయి. కింద పల్లవి, అనుపల్లవి, చరణాలు. అలాంటి కీర్తనలు కట్టిన పురుషోత్తమ చౌదరి (1803–1890) బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైనవాడు. పడమటి ట్యూన్లలో తెలుగు మాటలు ఇరికించిన పాటలూ అదే పుస్తకంలో ఉన్నాయి. వాటిల్లో హ్రస్వాన్ని సాగదీసి దీర్ఘం చేసి పాడుతుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది, అయినా పాడతాను. గోడ అవతలి కీర్తన నీ చెవికి అంత తొందరగా పట్టిందంటే, ఆ చెవిని తయారుచేసింది నానమ్మే అయ్యుండొచ్చు. ఆ మాట రాస్తే నీ విశ్వాసానికేమీ లోటు రాదు.

పాటల సాహిత్యం పేరాలకు పేరాలు ఎత్తి రాయకు. తొలినాటి క్రైస్తవ బోధకులు పౌలు, సీల ఫిలిప్పీ చెరసాలలో అర్ధరాత్రి పాడారని బైబిల్లో లూకా రాశాడు. ఏ పాటో చెప్పలేదు, ఖైదీలు వింటున్నారని మాత్రం చెప్పాడు. నువ్వూ వింటున్నవాళ్లని చూపించు.

గుణదల తిరునాళ్ల పేరా తీసేసినా నష్టం లేదు. ‘జనసంద్రం’ అని పేపర్లవాళ్లు ఏటా ఫిబ్రవరిలో రాస్తూనే ఉంటారు. ఉంచాలనుకుంటే, తలనీలాలిచ్చి కొబ్బరికాయ పట్టుకుని మేరీమాత కొండెక్కేవాళ్లలో ఒక్కరి వెనకాల నడువు, వాళ్లు ఏం పాడుకుంటున్నారో విను. మైకులో ఎకో ఎంత పెంచితే పరిశుద్ధాత్మ అంత దగ్గరికొస్తాడనుకునే సౌండ్ సిస్టమ్ వాళ్ల గురించి కూడా ఎవరైనా రాస్తే బాగుండు, అది ఈ వ్యాసంలో వద్దులే.

మూడో పేజీ మళ్లీ రాయి. పత్రికకి పంపేముందు మీ అమ్మగారికి చదివి వినిపించు, స్నానాల గది సంగతి ఆవిడది కూడా. ఏదైనా వాక్యం తీసేయమంటే తీసెయ్యి. ‘నేనలా అనలేదు’ అంటే మాత్రం ఏమన్నారో అడిగి అదే రాసుకో.

మీ అన్నయ్య,
బ్రాడీపేట, గుంటూరు