పిండం నుంచి కణాలు తీస్తే బిడ్డకు లోపం వస్తుందా?

ప్రశ్న: నేనూ మావారూ తలసీమియా వాహకులం. మా బాబుకు నాలుగేళ్లు, నెలనెలా రక్తం ఎక్కిస్తున్నాం. రెండో బిడ్డ కోసం ఐవీఎఫ్ చేసి, పిండం నుంచి కణాలు తీసి పరీక్షిస్తామన్నారు. ఒకచోట మూడో రోజు తీస్తామన్నారు, మరోచోట ఐదో రోజు. లేజర్ వాడతారట. పుట్టే బిడ్డకు అవయవ లోపం రాదు కదా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: ఐదో రోజునే ఎంచుకోండమ్మా. అండం ఫలదీకరణ చెందాక మూడో రోజు పిండంలో ఉండేవి ఆరు నుంచి ఎనిమిది కణాలే. ఏ కణం ఏ అవయవం కావాలో అప్పటికింకా తేలదు కాబట్టి, ఒకటి తీసినంత మాత్రాన చెయ్యో కాలో లేకుండా పోదు. కానీ పిండం గర్భసంచిలో నిలదొక్కుకునే శక్తి తగ్గుతుంది. 2013లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, మూడో రోజు కణం తీసిన పిండాల్లో 30 శాతమే బిడ్డలుగా పుట్టాయి, తీయనివాటిలో 50 శాతం. ఐదో రోజు విషయంలో ఆ అంకెలు 51, 54. తేడా లేనట్లే.

ఐదో రోజుకు పిండం వందకు పైగా కణాలతో నీటిబుడగలా ఉబ్బుతుంది. లోపల ఒక పక్కన ముద్దగా ఉండే కణాలు బిడ్డ అవుతాయి, చుట్టూ గోడలా ఉన్నవి మాయగా (ప్లాసెంటాగా) మారతాయి. గోడ నుంచే ఐదు నుంచి పది కణాలు తీస్తారు, లోపలి ముద్ద జోలికి వెళ్లరు. ఒక్క కణం మీద ఆధారపడే పరీక్ష కంటే ఈ ఫలితం నమ్మదగినది కూడా.

ఇక లేజర్ సంగతి. సన్నని గాజు గొట్టం పిండాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది. లేజర్‌తో పైపొరకు చిన్న రంధ్రం చేసి, మరో గొట్టంలోకి కణాలను పీలుస్తారు. ఒకప్పుడు ఆ పొరను ఆమ్లంతో కరిగించేవారు. పీల్చిన కణాలను విడదీయడానికి రెండు పద్ధతులున్నాయి. అతుకుల మీద లేజర్ కొడుతూ మెల్లగా లాగడం ఒకటి, గాజు గొట్టాలు రెండింటినీ రాపిడి చేసి చటుక్కున తెంపడం మరొకటి. లేజర్ అతిగా కొడితే వేడికి కణాలు దెబ్బతింటాయి. తెంపడానికి చేయి బాగా తిరిగి ఉండాలి. నేనైతే పద్ధతి పేరు కంటే ఆ చేతినే చూస్తాను. ఏటా ఎన్ని బయాప్సీలు (ఇలా కణాలు తీయడం) చేస్తారో, ఎన్నింటికి ఫలితం రాలేదో ల్యాబ్‌లో పిండాలను చూసుకునే ఎంబ్రియాలజిస్టును మొహమాటపడకుండా అడగండి.

కణాలు తీశాక పిండాన్ని గడ్డకట్టించి దాచి, ఫలితం వచ్చాకే గర్భసంచిలోకి పంపుతారు. ఐవీఎఫ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టకముందే మీ ఇద్దరి రక్తం, బాబు రక్తం జన్యు ల్యాబ్‌కు ఇవ్వండి. గర్భం నిలిచాక 11–13 వారాల మధ్య మాయ నుంచి నమూనా తీసి మరోసారి నిర్ధారించుకోవడం మానకండి.